పట్టా ముందా, ఒప్పందం ముందా?



చట్టం, కోర్టులు, ఆస్తి హక్కు గట్టిగా ఉన్న చోటికే విదేశీ పెట్టుబడి వస్తుందని ఎకనామిక్స్ క్లాసులో రాసుకున్నాం. రాత్రి హాస్టల్లో మాట్లాడుకుంటుంటే మాకో డౌటు వచ్చింది. ఆస్తి హక్కంటే ఎవరి హక్కు? జవాబు మన విశాఖ మన్యం చరిత్రలోనే ఉంది.

మన భూమికి చట్టం కాపలా కొత్తది కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీపై చట్టం చేసింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ. పెద్దవాళ్లు 1/70 అనేది దీన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చేస్తే చెల్లదు, అమ్మినవాడు గిరిజనేతరుడైనా సరే.

మరి సర్కారే ఇస్తే? బొర్రా వైపు ఊళ్లలో మైనింగ్ లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చింది: ఆ చట్టంలోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుంది. కాబట్టి సర్కారు కూడా ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వకూడదు. ప్రభుత్వ సంస్థ మాత్రం తవ్వొచ్చు.

ఆ సందులోంచే దారి వెతికారు. 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమాతో ఒప్పందం కుదిరింది. బాక్సైట్ తవ్వేది ఏపీఎండీసీ, తీసుకునేది కంపెనీ. మాకవరపాలెం దగ్గర ఫ్యాక్టరీ కట్టేశారు గానీ, జెర్రెల కొండలు తవ్వనివ్వమని ఊళ్లు అడ్డం నిలబడ్డాయి. 2015లో 1,212 హెక్టార్ల అడవిని ఏపీఎండీసీకి ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యమంతా లేచింది. ప్రభుత్వం దాన్ని ఆపింది, 2019లో రద్దయింది. ఈలోగా పెట్టుబడిదారు భారత్-యూఏఈ పెట్టుబడుల ఒప్పందం కింద పరిహారం కావాలని అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లాడు.

మన చట్టం వల్లే పెట్టుబడి పోయిందంటారు కొందరు. మాకలా అనిపించదు. వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంది, మన చేతిలోనూ ఒకటుంది. మనది వాళ్లదానికంటే 37 ఏళ్లు పాతది. దాన్ని పక్కనపెట్టి మాటిచ్చినందుకే ఫ్యాక్టరీకి దగ్గర్లోని ఖనిజం దొరకలేదు, మన ఊళ్లకు ఏళ్ల తరబడి నిద్ర లేదు. ముందే గ్రామసభను అడిగుంటే, అవునో కాదో ఇద్దరికీ మొదటిరోజే తెలిసేది.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న పట్టా, అటవీ హక్కు పత్రం బయటికి తీద్దాం. అందులో ఏముందో చదివి అమ్మానాన్నలకు వినిపిద్దాం. చదువుకున్నందుకు ముందు అదైనా చేద్దాం.