పచ్చగన్నేరు పుట్టినిల్లు

ఉంగుటూరు ప్రాంతపు పెరళ్ళలో, గుడి ముంగిళ్ళలో కనిపించే పచ్చగన్నేరు మన దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికాల ఉష్ణమండలము. ప్రాచీన వైద్యగ్రంథాలలోని కరవీరము తెలుపు, ఎరుపు పూల గన్నేరే. పాశ్చాత్యులు అమెరికా చేరిన తరువాతనే ఈ పచ్చపూలది ఇక్కడికి వచ్చింది. పోలికను బట్టి మనవారు పాత పేరే పెట్టారు. రెండిటి కుటుంబమూ ఒకటే కనుక అది తప్పూ కాదు.

1555లో బ్రెజిలుకు వెళ్ళిన ఫ్రెంచి సన్యాసి ఆంద్రే తెవే, దీనికి దగ్గరి బంధువైన అహువాయి చెట్టును వర్ణించాడు. అక్కడివారు దాని విషపుకాయల పెంకులను కాళ్ళకు గజ్జెలుగా కట్టుకొనేవారట! 1753లో లిన్నేయస్ ఆ సన్యాసి పేరును పచ్చగన్నేరుకు పెట్టాడు.

మొక్క అంతటా విషమున్నది. గింజలో మరీ హెచ్చు. అందులోని తెవెటిన్ గుండె కణాలలో సోడియం, పొటాసియంల రాకపోకలను అడ్డగించి, గుండె లయను చెడగొడుతుంది. డిజిటాలిస్ విషముదీ ఇదే తీరు. ఆ పోలికే చికిత్సకు దారి చూపింది. డిజిటాలిస్ విషమునకై గొర్రెలలో తయారుచేసిన ప్రతివిషము దీనికీ పనిచేస్తుందని శ్రీలంకలో జరిగిన పరీక్షల వలన 2000లో వెల్లడైంది. అయితే అది చాల ఖరీదైనది. కాయ కొరికిన పిల్లవానిని, బాగానే ఉన్నట్లు కనిపించినా, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.