మార్షల్ పేతాన్ ప్రసంగములలో ‘నేను’, ‘మేము’

నిరంకుశాధికారము సైన్యముచేతను, శాసనములచేతను మాత్రమే నిలుచునది కాదు. పాలకుడు తన్నుగూర్చి తాను చెప్పుకొను మాటలును దానికి ఆధారములగుచుండును. అట్టివాడు ప్రజలకు తన్నే రూపమున చూపదలచెనో తెలిసికొనుటకు అతడు వాడిన సర్వనామములను పరిశీలించుట యొక మార్గము. 1940 మొదలు 1944 వరకు ఫ్రాన్సు నేలిన మార్షల్ ఫిలిప్ పేతాన్ ప్రసంగములు ఇందులకు తగిన ఉదాహరణము.

1856లో జన్మించిన పేతాన్ 1916 నాటి వెర్దూన్ యుద్ధమువలన ప్రఖ్యాతుడయ్యెను. జర్మను సేనలు దేశమున చొచ్చియుండగా, 1940 జూన్ 17వ తేదీన ఆతడు ప్రభుత్వాధినేతగా రేడియోలో మాట్లాడి, పోరు విరమింపవలెనని చెప్పెను. దేశదుఃఖమును తగ్గించుటకై తన్ను తాను ఫ్రాన్సునకు అర్పించుకొనుచున్నానని ఆ ప్రసంగముననే పలికెను. ఇచ్చటి ‘నేను’ దాత స్వరము. అధికారమును గ్రహించువాడు త్యాగము చేయువానివలె కనబడుట ఇందలి విశేషము. దానము పట్టినవాడు దాతను నిలదీయజాలడు గదా!

జూలై 10న విషీ నగరమున జాతీయసభ 569 ఓట్లతో ఆతనికి సర్వాధికారముల నొసగెను. వ్యతిరేకించినవి 80 ఓట్లు. మరునాటి రాజ్యాంగ శాసనములు “మేము, ఫిలిప్ పేతాన్, ఫ్రాన్సు మార్షల్” అని రాజులవలె ప్రారంభమయ్యెను. ఫ్రెంచి భాషలో శ్రోతను కలుపుకొను ‘మనము’నకును, వెలిగా నుంచు ‘మేము’నకును భేదము లేదు. తెనిగించువాడు మాత్రము ఇచ్చట ‘మేము’ అనక తప్పదు. మూలభాషలో మరుగుపడిన దూరము మన వ్యాకరణమున బయల్పడుచున్నది.

ఆ దూరము ఎంతటిదో అక్టోబరులో తేటపడెను. అబద్ధములను ద్వేషింతునని, నేల అబద్ధమాడదని పేతాన్ జూన్ 25న పలికిన ప్రసిద్ధ ప్రసంగమును రచించినవాడు ఇమాన్యుయేల్ బెర్ల్. ఆయన యూదు కుటుంబమువాడు. అక్టోబరు 3వ తేదీ శాసనము యూదులను ప్రభుత్వోద్యోగములనుండి, పత్రికా వృత్తినుండి బహిష్కరించెను. ‘నేను’ అను మాటను కూర్చియిచ్చినవాని వారికే ‘మేము’లో చోటు లేకపోయెను.

అక్టోబరు 24న మోంత్వార్‌లో హిట్లరును కలిసికొనిన పిమ్మట, 30వ తేదీన పేతాన్ జర్మనీతో సహకారమును సమర్థించుచు మాట్లాడెను. ఇంతవరకు తండ్రివలె మాట్లాడితిననియు, ఇక నాయకునివలె మాట్లాడుచున్నాననియు చెప్పెను. మంత్రులు తనకు మాత్రమే బాధ్యులు. చరిత్ర తీర్పు చెప్పునది తన్నొక్కనిగూర్చియే. వినుటకు ఇది ధీరవచనము. కాని చరిత్రకు మాత్రమే బాధ్యుడనని పలుకుట, బ్రదికియున్నవారిలో నెవ్వరికిని బాధ్యుడను కానని పలుకుటయే.

1945 జూలైలో విచారణ ప్రారంభమైనపుడు, ఆతడొక ప్రకటన చదివి, ప్రశ్నలకు సమాధానమీయనని తెలిపెను. ఆగస్టు 15న మరణశిక్ష విధింపబడి, తరువాత యావజ్జీవ కారాగారముగా మార్పబడెను. 1951లో ఆతడు మరణించెను.

బాధ్యతను భుజమున కెత్తుకొనిన ‘నేను’ జవాబు చెప్పవలసిన వేళ మౌనము వహించెను. కావున పాలకుల ప్రసంగములను పరిశోధించువారు వక్త తన్నేమని పిలిచికొనెనో చూచుటతో తృప్తినొందరాదు. ఆ వాక్యమున శ్రోతకు బదులు పలుకు చోటున్నదా యని కూడ విచారింపవలెను.