పీస్ నదిపై వంతెన

కెనడా దేశపు పశ్చిమభాగమున పీస్ అను మహానది కలదు. పీస్ అనఁగా శాంతి. క్రీ, డేన్‌జా అను రెండు జాతులవారు దాని తీరమున సంధి చేసికొనిరనియు, అందుచే నాపేరు కలిగెననియుఁ జెప్పుదురు. అట్టి నదికి యుద్ధము నిమిత్తము వంతెన కట్టవలసివచ్చెను!

1941 డిసెంబరులో జపానువారు పెర్ల్ హార్బరుపై దాడి చేసిరి. అంతట అమెరికా ప్రభుత్వము అలాస్కాకు భూమార్గము కావలెనని తలఁచి, 1942లో అడవులగుండ 1,500 మైళ్ళకు మించిన బాటను కొన్నినెలలలోనే వేయించెను. టేలర్ అను నూరికడ ఆ బాట పీస్ నదిని దాటును. అచ్చటఁ దొలుత వేసిన కొయ్యవంతెన ప్రవాహమునకు నిలువలేదు. 1943లో 2,130 అడుగుల వ్రేలాడు వంతెనను గట్టిరి.

వ్రేలాడు వంతెన యనఁగా నేమి? మన తిరునాళ్ళలో డేరా వేయువారిని జూచియుందురు. గుంజలు నిలిపి, వానిపైనుండి త్రాళ్ళను లాగి, దూరముగా నేలలో దిగఁగొట్టిన మేకులకు బిగింతురు. మేకు కదలినచో గుంజ యెంత గట్టిదైనను డేరా నిలువదు. ఈ వంతెనకు గుంజలు రెండు గోపురములు, త్రాళ్ళు ఉక్కుమోకులు, మేకులు ఇరుదరులందును పాతిన పెద్ద కాంక్రీటు దిమ్మలు. మోకుల లాగుడంతయు తుదకు ఆ దిమ్మలపైఁ బడును.

దిమ్మలకు ఆధారమైన శిల షేల్ అనునది. అది పొరలుపొరలుగా నుండు మంటిరాయి. ఎండిననాఁడు గట్టిగాఁ గనఁబడును. తడిసిననాఁడు మెత్తఁబడి జాఱును. నల్లరేగడిలో ఇల్లు కట్టుకొని గోడల బీటలు చూచినవారికి నే నింతకంటె వివరింపఁ బనిలేదు.

1957 అక్టోబరు 16వ తేదీని ఉత్తరపు దరి దిమ్మ ముందునకు జరిగెను. అది కనిపెట్టి వెంటనే రాకపోకలను నిలిపివేసిరి. కొన్నిగంటలలోనే, జనులు ఒడ్డున నిలిచి చూచుచుండఁగా, వంతెన నదిలోఁ గూలెను. ప్రాణనష్టము లేదు. ఉన్నదంతయు ఉక్కే గదా పోయినది యని నేను దీనిని చిన్నదిగాఁ దలఁపను. అలాస్కాకు నాఁడు భూమార్గము ఆ యొక్కటియే. సమీపమున నున్న రైలువంతెన మీఁదుగా బండ్లను నడిపింపవలసివచ్చెను.

యుద్ధకాలపు తొందరను నిందించుట సులభము. కాని యా చలిలో, అన్ని నెలలలో, అంతటి కట్టడమును నిలిపినవారి నేర్పును నేను తక్కువచేయఁజాలను. వారి గోపురములు పదునాలుగేండ్లు నిలిచినవి.

క్రొత్త వంతెన 1960లో సిద్ధమయ్యెను. ఈసారి మోకులను బిగించి దరిని లాగు పద్ధతిని విడిచి, నదిలో స్తంభములు కట్టి వానిపై ఉక్కుచట్రములు పఱచిరి. దరి లాగుడును భరింపవలసిన పని తప్పినది. నేఁటికిని దానిమీఁదనే లారీలు అలాస్కా దిక్కునకు నడుచుచున్నవి.