వానెక్ కణితి

జీర్ణకోశపు గోడలో, లోపలి పొర కింద పెరిగే అరుదైన గడ్డ ఇది. క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. జీర్ణాశయంలో కనిపించిన ఇలాంటి గడ్డలను 1949లో వానెక్ అనే పాథాలజిస్టు వర్ణించాడు. వైద్యులు ఇప్పుడు వాడే ఇన్‌ఫ్లమేటరీ ఫైబ్రాయిడ్ పాలిప్ అనే పేరు 1953లో వచ్చింది.

ఎక్కువగా జీర్ణాశయంలోనే పుడుతుంది. అక్కడ చాలామందికి దాని ఉనికే తెలియదు. చిక్కంతా చిన్నపేగు చివరి భాగంలో పుట్టినప్పుడే. పేగు ఆహారాన్ని ముందుకు తోసినట్టే గడ్డనూ తోస్తుంది. గడ్డతోపాటు అది అంటుకున్న గోడ కూడా కదిలి, ముందున్న పేగులోకి చొరబడుతుంది. దారి మూసుకుపోయి వాంతులు, కడుపుబ్బరం మొదలవుతాయి. రక్తనాళాలు నలిగితే ఆ భాగం కుళ్లిపోవచ్చు.

పసిపిల్లల్లో ఇలా పేగులో పేగు దూరితే చాలాసార్లు ప్రత్యేకమైన కారణం దొరకదు. పెద్దల్లో కథ వేరు. మొత్తం కేసుల్లో వారి వాటా దాదాపు 5 శాతమే అయినా, వెనక ఏదో ఒక గడ్డ ఉండటమే ఎక్కువ. అది కొవ్వుగడ్డ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. నొప్పి వచ్చిపోతూ ఉంటే గ్యాస్ అని సరిపెట్టుకోవడం మరీ తేలిక!

సీటీ స్కాన్‌లో ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు కనిపిస్తాయి. గడ్డ ఏ రకమో మాత్రం మైక్రోస్కోపే తేల్చాలి. వానెక్ కణితి వాపు వల్ల వచ్చే గడ్డేనని చాలాకాలం భావించారు; 2008లో పీడీజీఎఫ్ఆర్ఏ జన్యువులో మార్పులు బయటపడ్డాక, అసలైన కణితేనన్న వాదన బలపడింది.

దెబ్బతిన్న పేగుముక్కను గడ్డతో సహా కోసి తీసి, మిగిలిన కొసలను కలిపి కుడతారు. పూర్తిగా తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు.