ఆదోని జామియా మసీదు, దాన్ని కట్టించిన మనిషి

ఎమ్మిగనూరు నుండి వ్యాపారానికో, పెండ్లికో ఆదోనికి వచ్చే మనవాళ్లు జామియా మసీదులో వుజూ చేసుకుని, జొహర్ నమాజు చదివి మళ్లీ బస్సెక్కుతారు. ఇంత పెద్ద రాతి మసీదును కట్టించినదెవరని పిల్లలడిగితే "ఎవరో నవాబు" అని ఊరుకుంటాము.

ఆయన సిద్దీ మసూద్ ఖాన్. హబ్షీ సంతతివాడు. బిజాపూరు ఆదిల్‌షాహీల తరఫున ఆదోనిని ఏలినవాడు. 1678 మొదలు 1683 వరకు, చిన్నవాడైన సికందర్ సుల్తాన్ పేరిట బిజాపూరు రాజ్యభారమంతా ఈయనే మోశాడు. తర్వాత ఆ పదవి వదిలి ఆదోనికి వచ్చేశాడు.

1686లో బిజాపూరు, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనవి. 1688లో ఫిరోజ్ జంగ్ సేన ఆదోనిని ముట్టడించింది. ఫిరంగులను కోట మీదికి కాక మసీదు వైపు తిప్పారనీ, అది చూసి మసూద్ ఖాన్ కోట అప్పగించాడనీ పెద్దలు చెప్తారు. మసీదు మీద ఈయనకున్న ప్రాణం సంగతి శత్రువుకు తెలుసన్నమాట! ఆ యేడే కోట మొఘలుల చేతికి పోయినమాట మాత్రం చరిత్రలో ఉంది. ఆదోనికి ఇమ్తియాజ్‌గఢ్ అని కొత్త పేరు కూడా పెట్టారు. అది జనం నోట నిలవలేదు.

కొందరు దీన్ని పిరికితనమంటారు. నాకట్లా తోచదు. బిజాపూరు, గోల్కొండలే పోయినాక ఒంటరి కోట ఎన్నాళ్లు నిలుస్తుంది? రాజ్యం నడిపిన వజీరుకు ఆ లెక్క తెలియదా? పోయేదేదో, మిగుల్చుకోదగినదేదో ఆయన చూసుకున్నాడు. ఈసారి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు నమాజు తర్వాత పది నిమిషాలు ఆగి, కొండల మీది కోట గోడల్ని చూపించి ఈ సంగతి చెప్పండి.