ఆటపెట్టెలు: అసలు, నకలు

కూటలేఖనము ఈ నాటి విద్య కాదు. క్రీస్తుశకము 7వ శతాబ్దమున హర్షవర్ధనుడు వేయించిన మధుబన్ తామ్రశాసనమున ఇందుకు సాక్ష్యము కలదు. వామరథ్యుడను బ్రాహ్మణుడు కూటశాసనమొకటి చూపి సోమకుండక గ్రామమును అనుభవించుచుండగా, రాజు విచారించి, ఆ శాసనమును భగ్నము చేయించి, గ్రామమును మరి యిరువురు బ్రాహ్మణులకు దానము చేసెను. రాగిరేకునకు విలువ యున్న కాలమున రాగిరేకునకు నకలు పుట్టినది. నాణెములకును, చిత్రపటములకును, తపాలా బిళ్లలకును అదే గతి పట్టినది. వింతయేమన, నలువది సంవత్సరముల క్రిందట పిల్లలు నేలపై విసరివేసిన ప్లాస్టిక్ ఆటబిళ్లలు సయితము నేడీ పంక్తిలోనికి వచ్చి కూర్చున్నవి.

ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటయంత్రము మొదట అమెరికాలో 1972లో మాగ్నవాక్సు కంపెనీవారి ‘ఒడిస్సీ’ పేర బజారులోనికి వచ్చినది. కాని యంత్రమొకటి, ఆటలు వేరు వేరు బిళ్లలలో అనెడి పద్ధతి 1976లో ఫెయిర్‌చైల్డువారి ‘ఛానల్ ఎఫ్’తో స్థిరపడెను. ఆ పనిలో ముఖ్యుడు జెర్రీ లాసన్ అను నీగ్రో జాతి ఇంజనీరు. చిరకాలము ఆయన పేరెవరికిని తెలియలేదు. ఆట యంత్రమునుండి విడివడి ప్రత్యేకముగా అమ్ముడుపోవు సరకైన ఆ దినముననే నకలునకు బీజము పడినదని చెప్పవచ్చును. 1977లో వచ్చిన అటారీ యంత్రము ఈ వ్యాపారమును ఇంటింటికి చేర్చినది. తరువాత ఎవరికి తోచిన ఆటను వారు తయారుచేసి గుట్టలుగా పోయుటచే 1983 నాటికి అమెరికాలో ఆ వ్యాపారము కూలిపోయెను. అయిదు వారములలో వ్రాయబడిన ‘ఇ.టి.’ అను ఆట బిళ్లలు అమ్ముడుపోక, తక్కిన సరకుతోపాటు ఆ సంవత్సరము సెప్టెంబరులో న్యూమెక్సికో రాష్ట్రమందలి అలమగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చిపెట్టబడినవి. ఈ చెత్తదిబ్బ ప్రసంగము మరల రాగలదు.

అదే సంవత్సరము జూలై 15వ తేదీన జపానులో నింటెండోవారు ‘ఫామికామ్’ను 14,800 యెన్ల వెలకు విడుదల చేసిరి. 1889లో క్యోటో నగరమున పూలబొమ్మల పేకముక్కలు చేయుటకు పుట్టిన సంస్థ యది. యంత్రమును రూపొందించినవాడు మసయూకీ ఉయెమురా; ఈయన 2021లో కాలధర్మము చెందెను. ఈ జపాను యంత్రమునకు తాళము లేదు. బిళ్లలోనున్న అరువది రాగి పళ్లు యంత్రములో సరిగా కూర్చున్నచాలు, ఎవరు చేసిన ఆటయైనను ఆడును. 1985లో అమెరికాకు పంపినప్పుడు మాత్రము, అక్కడి పతనమును చూచిన కంపెనీవారు జాగ్రత్త పడి, యంత్రములో నొకటి, బిళ్లలో నొకటి చొప్పున తాళపు చిప్పులు పెట్టిరి. రెండును ఒకదాని నొకటి గుర్తించిననే ఆట నడచును. ఏ కంపెనీ సంవత్సరమునకు ఎన్ని ఆటలు చేయవలెనో కూడ నింటెండోవారే నిర్ణయించిరి.

ఈ తాళమును తెరచిన కథ కచేరీ వ్యవహారములు తెలిసినవారికి ప్రత్యేకముగా రుచించును. అటారీ గేమ్స్ అను సంస్థ 1987 డిసెంబరులో నింటెండోవారి అనుమతి పొంది, సంవత్సరమునకు అయిదు ఆటల పరిమితికి లోబడినది. ఆ కట్టుబాటు వారికి కంటగింపైనది. తాళపు చిప్పును ఆమ్లములతో చెక్కి చూచినను దాని రహస్యము పూర్తిగా దొరకలేదు. అంతట 1988 ఆరంభమున ఆ సంస్థ న్యాయవాది అమెరికా ప్రభుత్వపు కాపీరైటు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టెను. తమపై కాపీరైటు భంగపు దావా నడచుచున్నదనియు, దాని నిమిత్తము నింటెండోవారు దాఖలు చేసిన ప్రోగ్రాము ప్రతి కావలెననియు అందలి సారాంశము. నిజమునకు అప్పటి కట్టి దావాయే లేదు. నింటెండోవారు దావా వేసినది 1989 నవంబరులో. కాగితము సక్రమముగా నున్నది గనుక గుమాస్తా ప్రతి నిచ్చెను. ఇనుపపెట్టెకు కన్నము వేయలేనివారు అర్జీతో తాళపుచెవి పుచ్చుకొనిరి. అటుపిమ్మట ‘టెంగెన్’ పేర నల్లని బిళ్లలు బజారులోనికి వచ్చినవి. 1992లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పుచు ఒక సూక్ష్మమును పాటించినది: వస్తువును న్యాయముగా కొని, విప్పి, దాని సూత్రమును గ్రహించుట దోషము కాదు, అసత్యపు అర్జీతో ప్రతిని సంపాదించినవానికి మాత్రము ఆ రక్షణ చెల్లదు. టెంగెన్ వారి ‘టెట్రిస్’ ఆట 1989లోనే వేరొక వ్యాజ్యమున న్యాయస్థానపు ఉత్తరువుపై బజారునుండి తొలగింపబడినది. నాడు అక్రమమై తొలగిన ఆ బిళ్లనే నేడు సేకర్తలు అసలు టెంగెన్ ప్రతియేనా యని వెదకి కొనుచున్నారు.

అమెరికాలో తాళము పడినను, తాళము లేని జపాను యంత్రము ఆసియా అంతట నకలునకు లోబడెను. తైవానులో యు.ఎం.సి. సంస్థ ఫామికామ్ చిప్పులకు సమానముగా పనిచేయు చిప్పులు తయారుచేసెను. వానిని పొదిగిన పెట్టెలు వేరు వేరు పేర్లతో దేశదేశములకు ప్రాకినవి. సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన మరుసటి సంవత్సరము, అనగా 1992లో, రష్యాలో ‘డెండీ’ అను పేర వచ్చినది ఇట్టి నకలే. అక్కడి పిల్లల తరమొకటి నింటెండో పేరు వినకయే నింటెండో ఆటలతో పెరిగినది.

మన దేశపు కథ దీనికి భిన్నము కాదు. 1990 ప్రాంతముల ‘సామురాయ్’, ‘మీడియా’, ‘లిటిల్ మాస్టర్’ మొదలగు పేర్లతో పెట్టెలు ఢిల్లీ పాలికా బజారులోను, మద్రాసు రిచీ వీథిలోను, హైదరాబాదు కోఠిలోను దొరకుచుండెను. విదేశపు సరకుపై సుంకము మిక్కుటముగా నున్న కాలమది. 1995లో షావాలెస్ సంస్థ సెగా కంపెనీవారి యంత్రమును మన దేశమున అమ్మ బూనినను, మధ్యతరగతి జీతగాని యింటికి అది చేరునది కాదు. చేరినది నకలే. తెలుగు ఇండ్లలో దాని బిళ్లను ‘క్యాసెట్టు’ అనిరి. ఆట రాకున్న క్యాసెట్టును తీసి నోటితో ఊదుట సర్వజనసమ్మతమైన చికిత్సగా నుండెను. ఊదినందున తేమ తగిలి రాగి పళ్లకు కీడే గాని మేలు లేదని తరువాత తెలిసినది, మరల తీసి పెట్టుటవలన కలిగిన ఫలితమును ఊదుటకు ఆపాదించిరి. వేసవి సెలవులలో గంటల చొప్పున పెట్టెను అద్దె కిచ్చు దుకాణములు పట్టణములందు వెలసినవి.

క్యాసెట్టుపై ‘99,99,999 ఆటలు’ అని అచ్చువేసి యుండెడిది. లోపల నుండునవి పట్టుమని పది. వానినే రంగు మార్చి, మెట్టు మార్చి, పేరు మార్చి తిప్పి తిప్పి లెక్క పెట్టుదురు. బడ్జెటు అంకెలతో పరిచయమున్నవారికి ఇది క్రొత్త కాదు. అయినను ఈ నకలునందు ఒక విచిత్రమున్నది. 1985లో జపానులో నమ్కోవారు చేసిన ‘బ్యాటిల్ సిటీ’ ఇంటి ఆట, ఇటుకగోడల నడుమ యుద్ధశకటములు తిరుగునది, ఆ కాలమున అమెరికాలో విడుదలయే కాలేదు. అక్కడి ధనవంతుల పిల్లలెరుగని ఆటను గుంటూరు, వరంగల్లు పిల్లలు కంఠస్థము చేసిరి. ఇది చట్టరీత్యా ఒప్పు కాదు. 1957 నాటి మన కాపీరైటు చట్టమునకు 1984లో చేసిన సవరణచే కంప్యూటరు ప్రోగ్రాములు సాహిత్యరచనల వలెనే రక్షణ పొందియున్నవి. కాని మన దేశమున ఈ క్రీడాచరిత్ర అక్రమమార్గముననే వచ్చినదనుట సత్యము. చరిత్రకారుడు దానిని దాచవలసిన పని లేదు.

నాటి పిల్లలు నేడు ఉద్యోగస్థులై, కొందరు విదేశములకును పోయి, బాల్యమందలి ఆటలకు అసలు ప్రతులు కావలెనని వెదకుచున్నారు. 1995లో అమెరికాలో ఆరంభమైన ఈబే వేలముతో ఈ వ్యాపారము ఇంటర్నెట్టు కెక్కినది. 1990లో నింటెండోవారు జరిపిన పోటీకి చేసిన బిళ్లలు బూడిదరంగువి 90, బంగారు రంగువి 26 మాత్రమే. వానికై సేకర్తలు వేల డాలర్లు పోయుదురు. 2021 జూలైలో విప్పని ‘సూపర్ మారియో 64’ ప్రతి ఒకటి వేలములో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయినది. అంతకన్న గమనింపదగినది అలమగోర్డో చెత్తదిబ్బ. 2014 ఏప్రిల్‌లో దానిని త్రవ్వగా వెయ్యికి పైగా బిళ్లలు బయటపడినవి. పురపాలకులు వానికి సంఖ్యలు వేసి, ధ్రువపత్రములు జతపరచి, ఈబేలో అమ్మి లక్ష డాలర్లకు పైగా రాబట్టిరి. ఇంటింట దొరకు ఆటబిళ్లకు అంత ధర రాదు. ఆ ధర ధ్రువపత్రమునకు వచ్చినది.

ధర పెరిగినచోట కూటకారుడు చేరుట సహజము. నేటి నకలు నాటి క్యాసెట్టు వంటిది కాదు. నాటిది తాను నకలునని దాచుకొనలేదు. నేటిది తానే అసలునని చెప్పును. పోకెమాన్ ఆటల బిళ్లలు ఇందుకు మిక్కిలి గురియైనవి. పరీక్షింపదలచినవారు మొదట వెనుకవైపు మరను చూడవలెను. నింటెండోవారు సాధారణపు తిరుగుమరతో విడిరాని ప్రత్యేకపు మరలు వాడిరి. నకలునందు తరచు మామూలు నక్షత్రపు గాడి మర కానవచ్చును. పిమ్మట లోపలి పలక. అసలు పలకపై కంపెనీ పేరు స్ఫుటముగా ముద్రితమై యుండును. గేమ్‌బాయ్ అడ్వాన్సు బిళ్లలో అయితే క్రింది సందునుండియే ఆ అక్షరములు కనబడును. చీటిపై రంగుల మసక, కంపెనీ గుర్తులోని అక్షరముల వంపు, చీటిలో ఒత్తిన చిన్న అంకె, ఇవియు సాక్షులే. నకలునందు చిప్పునకు బదులు నల్లని మైనపుముద్ద వంటిది పోసియుండుటయు కలదు.

అయితే ఏ ఒక్క గుర్తుతోను తీర్పు చెప్పరాదు. అమెరికాలో తొలుదొలుత అమ్మిన నింటెండో బిళ్లలకు మామూలు గాడి మరలే అయిదు ఉండెడివి. జపాను ఫామికామ్ అసలు బిళ్లలలోను కొన్నిటియందు ఆ నల్లని ముద్ద కలదు. నిజమైన బిళ్లను నకలని త్రోసిపుచ్చి నష్టపోయినవారును, పాత పెంకులో క్రొత్త పలకను చొప్పించినదానిని అసలని కొన్నవారును ఉన్నారు. శాసనపరిశోధకుడు లిపి, భాష, వంశక్రమము, తిథివారములు అన్నియు కలిపి చూచినట్లే ఇక్కడను చూడవలెను.

వస్తువుకన్న మనిషిని నమ్ముటయే పెద్ద మోసములకు మూలము. 2022లో పాత కంప్యూటర్ ఆటల సేకర్తల బృందమొకటి తమలో ఎన్నో ఏండ్లుగా గౌరవమొందిన సభ్యునిపైననే ఆరోపణ చేసినది. 1980 ప్రాంతపు అపురూపమైన ఆటల డిస్కులను ఆయన నకలు చేసి తోటివారికి అమ్మెననియు, మార్పిడి చేసెననియు వారి అభియోగము. వారికి అనుమానము పుట్టించినది ముద్రణయే. చీటీలపై అక్షరముల తీరును, అమరికను ప్రక్క ప్రక్క పెట్టి పోల్చిన పిమ్మట గాని సంశయము బలపడలేదు. అంతవరకు ఆయన మాటయే ధ్రువపత్రముగా చెల్లినది.

ఇంటర్నెట్టులో కొనువాడు బిళ్లను చేత పట్టుకొనలేడు గనుక, వెనుకవైపును, మరను, వీలైన లోపలి పలకను ఛాయాచిత్రములు తీసి పంపుమని అడుగుట కనీసపు జాగ్రత్త. ఆ మాటకు విక్రేత విసిగికొన్నచో బేరము అక్కడనే విడువదగినది. ఒకే విక్రేతయొద్ద అపురూపమైన ఆట పది ప్రతులు, పదియు మెరయుచు నున్నచో వేరు పరీక్ష అనవసరము. మన దేశమున 2020 నాటి ఇ-వాణిజ్య నియమముల ప్రకారము విక్రేత పేరు, చిరునామా చూపుట ఆ అంగడి నడపువారి విధి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. విదేశమునుండి తెప్పించుకొన్నవారికి ఇంత వెసులుబాటు లేదు. బిళ్ల నకలైనను దానిపై కట్టిన సుంకము మాత్రము అసలుదే.

ఇంతకును సేకర్తల ఈ పట్టుదల వట్టి సరదా యనుకొనుట పొరపాటు. 2023లో అమెరికాలోని వీడియో ఆటల చరిత్ర సంస్థవారు ప్రకటించిన పరిశీలనలో, 2010కి పూర్వము ఆ దేశమున విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు ఏ అంగటను క్రొత్తగా కొనుటకు దొరకవని తేలినది. అవి నిలిచియున్నచో పాత బిళ్లలలో నిలువవలెను. లేదా చట్టము అంగీకరింపని ప్రతులలో నిలువవలెను. న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల 2012లో 14 ఆటలను తన భాండారమున చేర్చుకొన్నను, వేలకొలది ఆటల నడుమ అది సముద్రములో కాకిరెట్ట. బిళ్లలలో ఆటగాని ప్రగతిని నిలుపు చిన్న బ్యాటరీలు ఒక్కొక్కటిగా ఆరిపోవుచున్నవి. తాళపత్రమునకు చెదలు వంటిదే ఇదియు. ఎత్తి వ్రాసుకొన్న ప్రతి లేకున్న మూలమును లేదు. ప్రతి నెత్తి వ్రాయువానికిని, ఆ ప్రతిపై మూలకర్త చేవ్రాలు పెట్టి అమ్మువానికిని గల భేదము ఇచ్చటనే యున్నది.

మన నకలు పెట్టెల మాట మరియొకటి. ఏ దుకాణదారు ఏ పేరుతో అమ్మెనో, ఏ ఊరిలో ఏ ఆట ప్రసిద్ధమో, వాని అట్టపెట్టెలపై ఏ బొమ్మలుండెనో చెప్పు వస్తువులవి. వేలములో వానికి ధర లేదు గనుక వానికి కూటప్రతులును లేవు. దీపావళి ముందర ఇల్లు దులుపునప్పుడు అవి అటక దిగి, తీగెలతో సహా పాతసామాను వాని తక్కెడలోనికి చేరుచున్నవి.