సేనాని తెరచిన అంగడి

వ్యాపారము యుద్ధమువంటిదనుట ఇప్పుడు పలువురికి ఊతపదమైనది. క్రొత్తగా అంగడి తెరచినవాడు మొదలు వేలమందిచేత పని చేయించు యజమాని వఱకు ఎందఱి బల్లలమీదనో ప్రాచీన చైనా సేనాని సున్ జూ పేర వెలసిన యుద్ధశాస్త్రము కనబడుచున్నది. అది 13 అధ్యాయముల చిన్న పొత్తము. 1972లో షాన్‌డాంగ్ రాష్ట్రమున హాన్ రాజుల కాలపు సమాధి నొకదానిని త్రవ్వగా వెదురుబద్దలపై వ్రాసిన దాని ప్రతి కూడ బయటపడినది. నేటివారు దానియందు వెదకునది చాలవఱకు ఒక్కటే: ప్రక్క అంగడివానిని పడగొట్టు ఉపాయము. అయితే యుద్ధనీతిని మొదట అంగడిలోనికి తెచ్చినవారు నేటివారు కారు. రెండువేల నాలుగువందల ఏండ్లకు ముందే చైనాలో ఇరువురు వర్తకులు ఆ పని చేసిరి. వారు దానినుండి ఏమి గైకొనిరో చూడవలెనని మా ఉద్దేశము. ఒక మాట ముందే చెప్పుదుము. వారి కథలలో ప్రక్క అంగడివాని ఊసే లేదు.

ఈ కథలు మనకు మిగిల్చిన మహానుభావుడు సీమా చియెన్. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్ది చివరను, మొదటి శతాబ్ది ఆరంభమునను హాన్ చక్రవర్తి కొలువులో నుండిన చరిత్రకారుడు. 130 అధ్యాయముల తన మహాచరిత్రలో 129వ అధ్యాయమును ఆయన ధనార్జనపరులకు విడిచిపెట్టెను. రాజుల సరసన వర్తకులను కూర్చుండబెట్టినందుకు తరువాతి పండితులు ముఖము చిట్లించుకొనిరి. కాని ధనము విలువ ఆయనకు తెలిసివచ్చిన తీరు దారుణమైనది. శత్రువులకు లొంగిపోయిన ఒక సేనాపతి పక్షమున మాటలాడినందుకు చక్రవర్తి ఆయనపై ఆగ్రహించెను. సొమ్ము చెల్లించి శిక్ష తప్పించుకొను వీలుండెను. ఇంట అంత సొమ్ము లేదు. అంగచ్ఛేదమునకు తల యొగ్గి, చరిత్ర ముగించుటకొఱకే బ్రదికెను. ధనికులను గూర్చి అటువంటివాడు వ్రాసినప్పుడు ఆ పుటలు కొంచెము నెమ్మదిగా చదువవలెను.

మొదటి వర్తకుడు ఫాన్ లీ. ఆయన పుట్టువర్తకుడు కాడు, మంత్రి. దక్షిణమున యుయె రాజ్యమును గౌజియన్ ఏలుచుండగా, క్రీస్తుకు పూర్వము 494లో పొరుగున నున్న వూ రాజు వారిని చిత్తుగా ఓడించెను. అయిదువేల మంది సైనికులతో గౌజియన్ ఒక కొండ యెక్కి, చుట్టుముట్టిన శత్రువునకు దాసుడనని ఒప్పుకొని ప్రాణము దక్కించుకొనెను. ఆ అవమానము మఱవకుండుటకై చేదు పిత్తకోశమును ఎదుట వ్రేలాడగట్టి నాలుకతో తాకుచుండెడివాడట. పగ తీర్చుకొనుటకు ఇరువది యేండ్లు పట్టినది. క్రీ.పూ. 473లో వూ రాజ్యము నామరూపములు లేకుండ పోయెను.

ఆ ఇరువది యేండ్లు ఏమి చేసిరన్నదే మనకు కావలసినది. కత్తులు నూరుటకు ముందు ధాన్యపు లెక్కలు చూచిరి. జీ రాన్ అను తంత్రజ్ఞుడు వారికి బోధించినది చిత్రమైన పాఠము. అనావృష్టి నాడు పడవలు కొనవలెను. వరదలనాడు బండ్లు కొనవలెను. ఎవరికీ అక్కఱలేనప్పుడు వస్తువు చౌక, దాని అక్కఱ మరల రాక తప్పదు. ధర పరాకాష్ఠ నందుకొన్నచో దిగును, అడుగంటినచో లేచును. కనుక ప్రియమైనప్పుడు మమకారము లేక అమ్మవలెను, చౌకయైనప్పుడు ఆదరముతో కొనవలెను. సొమ్ము నీరువలె పాఱుచుండవలెను. పదియేండ్లలో బొక్కసము నిండెను. దానితో సైనికులను సంతృప్తిపఱచిరి. మన కౌటిల్యుడును రాజ్యాంగములేడు చెప్పునప్పుడు కోశమును సేనకు ముందే నిలిపినాడు. సున్ జూ తన రెండవ అధ్యాయము నిండ చెప్పినది వ్యయమును గూర్చియే. లక్ష సేన కదలినచో దినదినమును ఎంత బంగారము కరిగిపోవునో లెక్కగట్టి, దీర్ఘయుద్ధమువలన బాగుపడిన రాజ్యము లేదని తేల్చెను. చేతిలోని మూలధనము ఎన్ని నెలలు వచ్చునో ఎఱుగక అంగడి తెరచినవారు ఈ అధ్యాయము చదివినచో చాలును, మిగిలినవి చదువకున్నను మేము తప్పు పట్టము.

విజయము దక్కిన తరువాత ఫాన్ లీ చేసిన పని కొలువులో నెవ్వరును ఊహింపలేదు. పదవి విడిచి పడవయెక్కి వెడలిపోయెను. ఈ రాజు కష్టమున తోడుండునుగాని సుఖమున ఓర్వడని తోడి మంత్రికి జాబు వ్రాసెను. తోడి మంత్రి వెన్ జోంగ్ ఆలస్యము చేసెను. కొన్నాళ్లకు రాజు అతనికొక ఖడ్గము పంపెను. దానితోనే అతడు ప్రాణము తీసికొనెను.

ఫాన్ లీ జీ రాన్ తంత్రములు ఏడని, అందు అయిదింటితోనే రాజ్యము గెలిచినదని లెక్కించి, వానిని ఇక ఇంటిపై ప్రయోగింతునని బయలుదేరెనట. పేరు మార్చుకొని చీ రాజ్యపు సముద్రతీరమున కుమారులతో నేల దున్ని ధనము కూడబెట్టెను. ఆ రాజ్యమువారు పిలిచి మంత్రిపదవి ఇచ్చిరి. అంతటి గౌరవము చిరకాలము నిలుచుట మంచిది కాదని ముద్రిక తిరిగి యిచ్చి, కూడినది మిత్రులకును ఇరుగుపొరుగువారికిని పంచి, తావో పట్టణమునకు మకాము మార్చెను.

తావోను ఎన్నుకొనుటలో సేనాని కన్ను కనబడును. అది నాలుగు దిక్కుల రాజ్యముల బాటలు కలియు తావు. అనేక రాజ్యములు కూడు నేలను ముందుగా చేరినవానికి జనబలము కలుగునని, అచట పోరాటము కాదు, చెలిమి చేయవలెనని సున్ జూ పదునొకండవ అధ్యాయమున వ్రాసెను. ఫాన్ లీ సరిగా అదియే చేసెను. సరకు కొని నిలువచేసి, కాలము చూచి విడిచెను. లాభము పదింట ఒకవంతు మాత్రమే ఆశించెను. తగినవారిని ఎన్నుకొని పని అప్పగించెను. పని చెడినచో నింద వారిపై మోపలేదు. పందొమ్మిదేండ్లలో మూడుమాఱులు వేయి తూనికల బంగారము గడించి, రెండుమాఱులు బీదమిత్రులకును దూరపు చుట్టములకును పంచివేసెను.

రెండవవాడు బై గ్వే. తన వర్తకము సున్ జూ, వూ చీలు సేన నడిపినట్లును, షాంగ్ యాంగ్ శాసనము అమలు జరిపినట్లును సాగునని ఈతడే స్వయముగా చెప్పుకొనెనట. ఈతడు వెయ్ రాజ్యమున వెన్ ప్రభువు కాలమువాడని సీమా చియెన్ వ్రాత. ఆ ప్రభువు మరణించిన తరువాత అర్ధశతాబ్దికి గాని షాంగ్ యాంగ్ కీర్తి వ్యాపింపలేదు గనుక ఈ మాట ఎవరో తరువాత అతని నోట పెట్టియుందురని మా అనుమానము. మాట ఎవరిదైనను పద్ధతి ఉన్నది. లోకము పారవేయునది తాను గైకొనును, లోకము కోరునది తానిచ్చును. కోతలనాడు ధాన్యము కొని పట్టు అమ్మును; పట్టుకాయలనాడు పట్టు కొని ధాన్యమమ్మును. ముతకబట్ట కట్టి, పనివారితో సమముగా కష్టసుఖములు పంచుకొనును. అదను చిక్కినప్పుడు మాత్రము డేగవలె దుముకును. సమయమునకు మారు తెలివియు, తెగించు ధైర్యమును, ఇచ్చి పుచ్చుకొను దయయు, నిలువరించు బలమును లేనివానికి తన విద్య చెప్పనని నిరాకరించెను.

దయ అన్న మాట యొద్ద మేము కొంచెము ఆగితిమి. కోతలనాడు రైతు అప్పులవాండ్రకు వెఱచి అయినకాడికి అమ్మును. అప్పుడు కొనుట దయయా? ఆ వెయ్ రాజ్యముననే మంత్రి లీ క్వే మంచిపంటనాడు ప్రభుత్వముచేత ధాన్యము కొనిపించి కఱవునాడు అమ్మించి రైతును, కొనువానిని కూడ కాపాడజూచెను. ఎత్తు ఒక్కటే, లాభము చేరిన చోటు వేఱు. యుద్ధనీతి ఎత్తు నేర్పునుగాని, అది ఎవరికొఱకో నేర్పదు.

తావోలో ఫాన్ లీ రెండవ కుమారుడు చూ రాజ్యమున ఒకని చంపి చెఱసాల పడెను. తండ్రి బంగారము బండికెత్తించి, కడగొట్టు కుమారుని పొమ్మనెను. పెద్దవాడు నేనుండగా తమ్ముడా అని పట్టుబట్టి, ప్రాణము తీసికొందుననెను. తల్లి వానికై వేడుకొనెను. తండ్రి ఒప్పుకొని, చూ రాజధానిలోని తన పాతమిత్రుడు జువాంగ్ పెద్దకు బంగారమంతయు అప్పగింపుమని, అటుపై ఆయన చేసినదానికి ఎదురాడవలదని చెప్పి పంపెను. ఆ ముదుసలి బంగారము నుంచుకొని, పని ముగిసిన తరువాత తిరిగి పంపవలెనని తలచి, రాజును మెప్పించి ఖైదీలకెల్ల క్షమాభిక్ష ఇప్పించునట్లు చేసెను. క్షమాభిక్ష వార్త విన్న పెద్దకుమారుడు, తమ్ముడు ఎటులైనను విడుదలగునుగదా, ఇంత బంగారము వృథాయని ముదుసలి యింటికి పోయి దానిని తిరిగి తెచ్చుకొనెను. ఆయనకు అవమానమయ్యెను. ఈ క్షమాభిక్ష తావో ధనికుని కుమారునికొఱకేనని జనులు చెప్పుకొనుచున్నారని రాజు చెవిన వేసెను. రాజు ముందు ఆ యువకుని చంపించి, మఱునాడు ఖైదీలను విడిపించెను.

పెద్దవాడు తమ్ముని శవముతో ఇల్లు చేరెను. తల్లియు ఊరివారును విలపించుచుండగా ఫాన్ లీ ఒక్కడే నవ్వెనట. పెద్దవాడు తమ్మునిపై ప్రేమ లేనివాడు కాడు. తనతోకూడ బీదతనమున నేల దున్ని పెరిగినవాడు, బంగారము చేజారుట ఓర్వలేడు. కడగొట్టువాడు కలిమిలో పుట్టినవాడు, విసరివేసి వచ్చియుండెడివాడు. అందులకే వానిని పంపనెంచితినని ఆయన చెప్పెను. బండి తావో విడిచిన నాటినుండి రాత్రింబవళ్లు ఆ శవముకొఱకే ఎదురుచూచుచుండెనట.